ఎస్ప్రెసో మెషీన్ కింద నీళ్లు



ఎస్ప్రెసో మెషీన్ ఒకప్పుడు పెద్ద హోటళ్లలోనే కనిపించేది. ఇప్పుడు హైదరాబాదులోనో, విశాఖలోనో, అపార్టుమెంటు వంటగట్టు మీద మిక్సీ పక్కన చోటు సంపాదించుకుంది. అరకు గింజలు తెప్పించుకుని, ఇంట్లోనే పొడి పట్టుకుని, చిక్కటి కాఫీ దింపుకునేవాళ్లు పెరిగారు. సంతోషం. కానీ కొన్న ఏడాదికో, రెండేళ్లకో ఆ ఇళ్లలో ఒక మాట మొదలవుతుంది. "ఏమండీ, మెషీన్ కింద మళ్లీ నీళ్లు."

ఆ మాట వినగానే సాధారణంగా రెండు పనులు జరుగుతాయి. ఒకరు వచ్చి కింద గుడ్డ వేస్తారు. ఇంకొకరు వచ్చి కాఫీ పొడి వేసే హ్యాండిల్‌ని శక్తికొద్దీ బిగిస్తారు. గుడ్డ వేస్తే గట్టు తడవకుండా ఉంటుంది, అంతవరకే. బిగించడం మాత్రం చెడుపే చేస్తుంది. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఈరోజు మీకు నేను ఒక్క సంగతే చెప్పాలనుకుంటున్నాను. నీళ్లు కనిపించగానే, "ఎక్కడినుంచి?" అని వెతకడం మొదలుపెట్టకండి. "ఎప్పుడు?" అని అడగండి. మెషీన్ ఆపి ఉన్నప్పుడా? వేడెక్కుతున్నప్పుడా? కాఫీ దిగుతున్నప్పుడా? దిగిపోయాకా? పాలు నురగ పట్టేటప్పుడా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే, సగం రిపేరు అయిపోయినట్టే.

ఎందుకంటారా? నీరు పల్లమెరుగు అంటారు కదా. మెషీన్ లోపల ఎక్కడో పైన ఒక బొట్టు కారుతుంది. అది పైపు వెంట జారుతుంది. రేకు అంచు పట్టుకుంటుంది. స్క్రూ దగ్గర కాసేపు ఆగుతుంది. చివరికి వెనక కాలు పక్కన మడుగు కడుతుంది. మీరు వెనక వైపు చూస్తుంటారు. కారే చోటేమో ముందు వైపు ఉంటుంది. చోటు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. వేళ అలా చేయదు.

దానికి కారణం తెలియాలంటే నీళ్లు లోపల ఎలా ప్రయాణం చేస్తాయో ఒక్కసారి చూడాలి. ముందు ట్యాంకు. ట్యాంకు నుంచి పంపు. పంపు నుంచి బాయిలర్. బాయిలర్ నుంచి ఒక వాల్వు. వాల్వు దాటాక గ్రూప్‌హెడ్. అంటే మనం హ్యాండిల్ తగిలించే చోటు. అక్కడినుంచి కాఫీ పొడిలోకి, పొడిలోంచి కప్పులోకి. దారి అంతే. ఈ దారిలో అన్ని చోట్లా, అన్ని వేళలా ఒత్తిడి ఉండదు. ట్యాంకులో ఎప్పుడూ నీళ్లుంటాయి గానీ ఒత్తిడి ఉండదు. గ్రూప్‌హెడ్ దగ్గర కాఫీ దిగే ఆ అర నిమిషమే ఒత్తిడి ఉంటుంది. ఆవిరి పైపులో ఆవిరి పెట్టినప్పుడే ఉంటుంది. కాబట్టి నీళ్లు కారిన వేళ తెలిస్తే, ఆ వేళకు ఏ భాగం మీద ఒత్తిడి పడిందో తెలిసిపోతుంది. మిగతావాటిని పక్కన పెట్టేయొచ్చు.

ఒత్తిడి అంటున్నాను. ఎంత ఒత్తిడి? ఎస్ప్రెసోకి సుమారు 9 బార్లు కావాలి. మన ప్రెషర్ కుక్కర్‌లో ఉండేది సుమారు 1 బార్. అంటే కుక్కర్‌కి తొమ్మిది రెట్లు. మొదట్లో ఇంత ఉండేది కాదు. ఇటలీలో 1901లో లుయీజీ బెజ్జేరా పేటెంట్ తీసుకున్న మెషీన్ ఆవిరి తోసినంతే తోసేది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, మిలాన్‌లో అకీల్లే గజ్జా స్ప్రింగు, మీట పెట్టి ఒత్తిడి పెంచాడు. కాఫీ మీద బంగారు రంగు నురగ అప్పుడే వచ్చింది. 1961లో ఫాయెమా కంపెనీ ఇ61 అనే మెషీన్‌కి కరెంటు పంపు పెట్టింది. ఇప్పుడు మన ఇళ్లలో కూర్చుని బర్రుమని చప్పుడు చేసేది పంపే. ఆ నురగ కావాలంటే ఈ ఒత్తిడి ఉండాల్సిందే. ఒత్తిడి ఉన్నచోట నీళ్లు సందు వెతుక్కుంటాయి. కాదనలేం.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను. చాలా మెషీన్లలో హ్యాండిల్ గిన్నె వ్యాసం 58 మిల్లీమీటర్లు. ఆ వెడల్పు మీద 9 బార్ల ఒత్తిడి పడితే, మొత్తం కిందికి నెట్టే బరువు 240 కిలోల దాకా ఉంటుంది. అవును, 240 కిలోలు. ఆ బరువుకి ఎదురుగా నీళ్లు బయటికి రాకుండా ఆపుతున్నది ఒక రబ్బరు రింగు. గాస్కెట్.

గాస్కెట్ అనగానే ఇంట్లో ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కుక్కర్ మూత పక్కనుంచి ఆవిరి పోతోంది, విజిల్ రావడం లేదు. అప్పుడు ఏం చేస్తారు? మూతని సుత్తితో కొడతారా? కొట్టరు. కుక్కర్ పారేస్తారా? పారేయరు. మూత తీస్తారు. రబ్బరు బయటికి లాగుతారు. అంచున మెతుకు అంటుకుని ఉందేమో చూస్తారు. వేలితో నొక్కి చూస్తారు. సాగిందా, గట్టిపడిందా, పగిలిందా? పాడైతే కొత్తది తెచ్చి వేస్తారు. ఇంతే కదా. ఎస్ప్రెసో మెషీన్‌లోనూ ఇదే పని. ఇదే వరస. తేడా ఒక్కటే. ఖరీదైన మెషీన్ అనేసరికి మనకి భయం వేస్తుంది. కుక్కర్ దగ్గర ఉన్న ధైర్యం ఇక్కడ ఉండదు.

సరే. ఇప్పుడు మన ప్రశ్న దగ్గరికి వద్దాం. నీళ్లు ఎప్పుడు వస్తున్నాయి?

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. రాత్రి పని అయ్యాక ప్లగ్గు తీసేయండి. మెషీన్ చల్లారనివ్వండి. కింద ట్రే తీసి, కడిగి, తుడిచి పెట్టండి. గట్టంతా పొడిగా తుడవండి. ట్యాంకు నిండా నీళ్లు పోయండి. మెషీన్ కింద ఒక పాత న్యూస్‌పేపరు పరచండి. ఇంక పడుకోండి. పొద్దున్నే పేపరు చూడండి. తడిసిందా? తడిస్తే తప్పు ట్యాంకుదో, దాని కిందున్న పైపుదో. పంపు ఆడలేదు, బాయిలర్ వేడెక్కలేదు. మరి ఇంకెవరి మీద అనుమానం పడతాం?

ట్యాంకు విషయం తేలిక. చాలా ట్యాంకుల అడుగున స్ప్రింగు ఉన్న చిన్న వాల్వు ఉంటుంది. ట్యాంకు తీస్తే మూసుకుంటుంది, పెడితే తెరుచుకుంటుంది. దాని చుట్టూ సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. ఆ రింగు మీద ఓ చిన్న కాఫీ పలుకు పడితే చాలు, నీళ్లు కారతాయి. కడగండి. మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టండి. ట్యాంకు కొంచెం వంకరగా కూర్చున్నా కారుతుంది. అప్పటికీ ఆగకపోతే, ట్యాంకుని సింకులో నిలబెట్టి నిండా నీళ్లు పోసి చూడండి. ప్లాస్టిక్‌కి సన్నటి పగులు ఉంటే అక్కడ బయటపడుతుంది. పగిలిన ట్యాంకుకి ఎమ్‌సీల్ పూసి నెట్టుకొద్దామనుకోకండి. మనం తాగే నీళ్లవి. కొత్త ట్యాంకు కొనండి.

పేపరు పొడిగానే ఉందా? అయితే ట్యాంకు నిర్దోషి. ఇప్పుడు స్విచ్ వేయండి. హ్యాండిల్ తగిలించకుండా, ఏ బటనూ నొక్కకుండా, ఊరికే చూడండి.

మెషీన్ వేడెక్కేటప్పుడు గ్రూప్‌హెడ్ నుంచో, ఆవిరి పైపు నుంచో నాలుగు చుక్కలు పడొచ్చు. కంగారు పడకండి. నీరు వేడెక్కితే ఉబ్బుతుంది. మామూలు నీళ్లు 95 డిగ్రీలకి చేరేసరికి నూటికి సుమారు నాలుగు వంతులు పెరుగుతాయి. బాయిలర్‌లో 100 మిల్లీలీటర్లు పడితే, సుమారు 4 మిల్లీలీటర్లకి లోపల చోటుండదు. అవి ఎటో ఒకవైపు పోవాలి. అందుకే ఆ చుక్కలు. వేడెక్కడం అయిపోగానే ఆగిపోతే, అది లీకు కాదు. వేడెక్కాక కూడా టప్ టప్‌మని పడుతూనే ఉంటే, అప్పుడు ఆలోచించాలి. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు అసలు ఘట్టం. పొడి వేసి, హ్యాండిల్ బిగించి, బటన్ నొక్కండి. కళ్లు కప్పు మీద పెట్టకండి. హ్యాండిల్ అంచు మీద పెట్టండి. కాఫీ గొట్టంలోంచి రావాలి. అలా కాకుండా అంచు చుట్టూ చెమట పట్టినట్టు నీళ్లు వస్తున్నాయా? పక్కనుంచి గోధుమరంగు ధార కారుతోందా? ఇళ్లలో వచ్చే లీకుల్లో ఎక్కువ భాగం ఇదే. కాఫీ దిగేటప్పుడు మాత్రమే వస్తుంది. మిగతా వేళల్లో ఉండదు. వేళ గుర్తుపెట్టుకోండి. కాఫీ దిగేటప్పుడు పక్కనుంచి వస్తే, గాస్కెట్ దగ్గర చూడాలి.

గాస్కెట్ దగ్గర చూడాలి అన్నాను. వెంటనే గాస్కెట్ మార్చేయమనలేదు. ముందు మెతుకు వెతకాలి. ఇక్కడ మెతుకంటే కాఫీ పొడి. గిన్నె అంచు మీద నాలుగు పలుకులు ఉండగానే హ్యాండిల్ తగిలిస్తే, రబ్బరుకీ ఇనుముకీ మధ్య సందు ఏర్పడుతుంది. 9 బార్ల నీటికి ఆ సందు చాలు. కాబట్టి హ్యాండిల్ తగిలించే ముందు గిన్నె అంచుని బొటనవేలితో ఒకసారి చుట్టూ తుడవండి. ప్రతిసారీ తుడవండి. కాఫీ షాపుల్లో పనిచేసేవాళ్లు చూడకుండానే చేసే పని ఇది. మనం చూసి కూడా నేర్చుకోం.

గిన్నెలో పొడి మరీ ఎక్కువ కుక్కినా ఇదే ఇబ్బంది. నీళ్లు తగిలితే పొడి ఉబ్బుతుంది. పైనున్న చిల్లుల రేకుకి ఆనుకుంటుంది. పొడి మరీ మెత్తగా ఉన్నా కష్టమే. నీళ్లు కిందికి దిగలేవు. దిగే దారి లేకపోతే పక్కకి తోసుకొస్తాయి. ఈ రెండూ సరిచూడండి. పొడి ఓ గ్రాము తగ్గించి చూడండి. కొంచెం బరకగా పట్టి చూడండి. చాలా ఇళ్లలో లీకు ఇక్కడే ఆగిపోతుంది. పైసా ఖర్చు లేదు.

ఆగలేదా? ఇప్పుడు రబ్బరు చూద్దాం. దానికి ఒక గుర్తు ఉంది. మెషీన్‌కి ఎదురుగా నిలబడండి. గ్రూప్‌హెడ్‌ని గడియారం అనుకోండి. హ్యాండిల్ బిగిస్తే పిడి మీ వైపు తిన్నగా, ఆరు గంటల దగ్గర ఆగాలి. రబ్బరు కొత్తగా ఉన్నప్పుడు ఆరుకి కొంచెం ఎడమగానే బిగుసుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ పిడి కుడి వైపుకి జరుగుతుంది. ఆరు దాటి అయిదు దగ్గరికి పోతోందంటే రబ్బరు అరిగిందన్నమాట. మనం ఏం చేస్తాం? కారుతోందని ఇంకొంచెం బిగిస్తాం. రేపు ఇంకొంచెం. రబ్బరు ఇంకా నలుగుతుంది. హ్యాండిల్‌కి ఉన్న రెండు చెవులూ అరుగుతాయి. అవి పట్టుకునే లోపలి గాడి కూడా అరుగుతుంది. రబ్బరు మారిస్తే పోయేదానికి ఇనుమును అరగదీస్తాం. గట్టిగా బిగించొద్దని మొదట్లో అన్నది ఇందుకే.

ఇంకో పరీక్ష. మెషీన్ చల్లగా ఉన్నప్పుడు గ్రూప్‌హెడ్ లోపల చుట్టూ ఉన్న రబ్బరుని గోటితో నొక్కండి. గోరు కొంచెం దిగి, మళ్లీ రబ్బరు లేస్తే, ఇంకా ప్రాణం ఉంది. రాయిలా ఉంటే మార్చే రోజు వచ్చింది. రోజూ వాడే ఇంట్లో ఏడాదికొకసారి మార్చుకోవడం మంచిది. లీకు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

మార్చడం ఎలా? నెమ్మదిగా వినండి. ముందు స్విచ్ ఆపండి. ఆవిరి నాబ్ తిప్పి లోపలి ఆవిరి వదిలేయండి. ప్లగ్గు పీకేయండి. గంట సేపు చల్లారనివ్వండి. ఈ మాట మళ్లీ చెప్తున్నాను. ప్లగ్గు పీకాలి, ఆవిరి వదలాలి, చల్లారాలి. ఇవి కాకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోకండి.

గ్రూప్‌హెడ్ కిందనుంచి చూస్తే చిల్లుల రేకు కనిపిస్తుంది. కొన్నింటిలో దాని మధ్యలో ఒక స్క్రూ ఉంటుంది. అది విప్పితే రేకు చేతికొస్తుంది. కొన్నింటిలో స్క్రూ ఉండదు. రేకు, గాస్కెట్ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. రేకు చుట్టూ ఉన్న గాడిలో పాత రబ్బరు కూర్చుని ఉంటుంది. మంచి రబ్బరైతే సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఓ పక్క లేపితే వచ్చేస్తుంది. కాలి గట్టిపడ్డ రబ్బరు అంత తేలిగ్గా రాదు. ముక్కలుముక్కలుగా విరుగుతుంది. అప్పుడు ఒక చిన్న చెక్క స్క్రూ తీసుకోండి. రబ్బరులోకి కొంచెం ఎక్కించండి. పటకారుతో స్క్రూ తల పట్టుకుని కిందికి లాగండి. ఎదురు వైపు కూడా అలాగే లాగండి. వస్తుంది. ఓపిక కావాలి. గాడి గోడకి గీతలు పడకుండా చూసుకోండి. గీత పడితే కొత్త రబ్బరు వేసినా నీళ్లు ఆ గీత పట్టుకుని వస్తాయి.

రబ్బరు వచ్చాక లోపల చూస్తే మీకు కొంచెం సిగ్గేస్తుంది. నల్లటి కాఫీ మడ్డి పేరుకుని ఉంటుంది. వేడి నీళ్లు, గట్టి బ్రష్ పెట్టి గాడి మొత్తం శుభ్రం చేయండి. మడ్డి మిగిలితే కొత్త రబ్బరు సమంగా కూర్చోదు. తర్వాత కొత్తది పెట్టండి. కొన్ని గాస్కెట్లకి ఒక అంచు కోసినట్టు వాలుగా ఉంటుంది. మామూలుగా ఆ వాలు అంచు పైకి, మెషీన్ వైపు వెళ్లాలి. పాతది తీసేటప్పుడే ఏ ముఖం ఎటు ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. వేళ్లతో చుట్టూ సమంగా నొక్కండి. చివరగా హ్యాండిల్‌నే తగిలించి మెల్లగా తిప్పితే, అదే రబ్బరుని లోపలికి నొక్కి కూర్చోబెడుతుంది. కొత్తలో పిడి ఆరు దాకా రాదు. ఏడు దగ్గరే ఆగుతుంది. బలవంతం చేయకండి. కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది.

కొనేటప్పుడు కొలత ముఖ్యం. పైకి ఒకేలా కనిపించినా అన్నీ ఒకటి కావు. మందంలో అర మిల్లీమీటరు తేడా కూడా లెక్కకొస్తుంది. ఇ61 రకానికి 8 మిల్లీమీటర్లది ఒకటి, ఎనిమిదిన్నరది ఒకటి అమ్ముతారు. గాడి అరిగిన పాత మెషీన్లకి రెండోది పనికొస్తుంది. మీ మోడల్ పేరు చూసి కొనండి. పేరు తెలియకపోతే పాత రబ్బరు పారేయకుండా ఉంచి దాన్ని కొలవండి.

రబ్బరుకి కొబ్బరినూనె రాయొచ్చా అని అడుగుతారు. వద్దు. వేడికి పాడై కంపు కొడుతుంది. వ్యాజ్‌లైన్ అసలే వద్దు. ఈ రకం రబ్బర్లలో కొన్ని వ్యాజ్‌లైన్ లాంటి పెట్రోలియం సరుకు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతాయి. ట్యాంకు వాల్వు దగ్గర ఉండే సన్నటి రింగులకి ఏదైనా రాయాల్సి వస్తే, తినే వస్తువులకి వాడదగ్గ సిలికాన్ గ్రీజు ఉంటుంది. ఆవగింజంత చాలు. గ్రూప్‌హెడ్ గాస్కెట్‌కి అదీ అక్కర్లేదు.

ఇప్పుడు తర్వాతి వేళ. కాఫీ దిగిపోయింది. బటన్ ఆపారు. ఆపగానే లోపల బుస్సుమని చప్పుడై ట్రేలోకి నీళ్లు పడ్డాయి. ఇది లీకేనా? కాదు. చాలా మెషీన్లలో సొలినాయిడ్ వాల్వు అనేది ఉంటుంది. కాఫీ ఆగగానే గిన్నె పైన మిగిలిన ఒత్తిడిని అది ట్రేలోకి వదిలేస్తుంది. అలా వదలకపోతే మీరు హ్యాండిల్ తీయగానే తడి పొడి మొహాన కొడుతుంది. కాబట్టి ఆ నీళ్లు పడాలి. పడకపోతేనే చెడ్డ. అయితే ప్రతి కప్పుకీ ఇలా కొంత నీరు ట్రేలో చేరుతూ ఉంటుంది. ట్రే నిండుతుంది. నిండిన ట్రే వెనక అంచు మీదుగా పొర్లి గట్టు మీదికి వస్తుంది. మనం మెషీన్ లీకైందంటాం. ట్రే పారబోయకుండా మెకానిక్‌ని పిలిచిన ఇళ్లు చాలానే ఉంటాయి. మీ ఇల్లు అందులో చేరకూడదు. రోజూ సాయంత్రం ట్రే పారబోయండి.

ఇంకో వేళ. కాఫీ పెట్టలేదు. మెషీన్ వేడిగా ఊరికే ఉంది. గ్రూప్‌హెడ్ నుంచి చుక్కలు ఆగకుండా పడుతున్నాయి. ఇందాక తర్వాత చెప్తానన్నది ఇదే. ఆ సొలినాయిడ్ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. మధ్యలో ఏదో అడ్డం పడింది. ఏమిటది? కాఫీ మడ్డి కావచ్చు. లేదా నీళ్లలో ఉప్పు గట్టిపడి ఊడిన పెళ్ల కావచ్చు. వాల్వు ఉన్న మెషీన్లకి చిల్లులు లేని గిన్నె ఒకటి ఇస్తారు. అందులో మెషీన్ శుభ్రం చేసే పొడి కొంచెం వేసి, హ్యాండిల్ తగిలించి, పది సెకన్లు పంపు ఆడించి ఆపాలి. ఇలా నాలుగైదు సార్లు చేయాలి. నీళ్లు వెనక్కి కొట్టి వాల్వు దారిని కడుగుతాయి. తర్వాత మంచినీళ్లతో మళ్లీ అలాగే చేయాలి. అయితే ఈ పని వాల్వు ఉన్న మెషీన్లకే. మీ దానికి ఉందో లేదో మాన్యువల్ చూసుకోండి. లేనిదానికి చేస్తే ఒత్తిడి పోయే దారి ఉండదు. హ్యాండిల్ తీసేటప్పుడు వేడి నీళ్లు చేతి మీద చిమ్ముతాయి.

ఆవిరి పైపు చివర చుక్కలు పడుతుంటే అది నాబ్ లోపలి వాల్వు పని. అక్కడా ఒక రబ్బరు ముక్క ఉంటుంది. ఇక్కడా మన చేతులే కారణం. కారుతోందని నాబ్‌ని పిసికినట్టు బిగిస్తాం. రబ్బరు నలిగి ఇంకా కారుతుంది. నాబ్ ఆగే చోట ఆపండి, చాలు. పాలు కాగాక పైపుని వెంటనే తడి గుడ్డతో తుడిచి, ఒక్క క్షణం ఆవిరి వదలండి. లోపలికి పీల్చుకున్న పాలు బయటికి పోతాయి.

ఇక మిగిలింది ఒకటి. ట్యాంకు బాగుంది, గాస్కెట్ బాగుంది, ట్రే ఖాళీ. అయినా పంపు ఆడినప్పుడల్లా మెషీన్ అడుగునుంచి నీళ్లు వస్తున్నాయి. అంటే లోపలి పైపుల్లోనో, బాయిలర్ జాయింట్‌లోనో ఉంది లీకు. మీకు చేయి తిరిగిన పనైతే తప్ప మూత విప్పకండి. లోపల 230 వోల్టుల కరెంటు, వేడి నీళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఇంకొక మాట. మెషీన్ పెట్టగానే ఇంట్లో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతట అదే పడే స్విచ్, పడిపోతోందా? నీరు కరెంటు భాగాన్ని తాకిందని అనుమానించాలి. దాన్ని మళ్లీ పైకి లేపి ఇంకోసారి ప్రయత్నం చేయకండి. ప్లగ్గు తీసి మెకానిక్‌ని పిలవండి. పిలిచినప్పుడు "నీళ్లు కారుతున్నాయి" అని ఊరుకోకండి. ఎప్పుడు కారుతున్నాయో చెప్పండి. "ట్యాంకు నింపి రాత్రంతా ఉంచితే కారలేదు, పంపు ఆడితే కారుతోంది" అనండి. ఏ సామాను తెచ్చుకోవాలో అతనికి ఫోన్లోనే తెలిసిపోతుంది.

ఇంతవరకూ వచ్చిన లీకు సంగతి. రాకుండా చూసుకోవడం గురించి మాట్లాడితే, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం నీళ్లే. మన ఊళ్లలో బోరు నీళ్ల సంగతి తెలిసిందే. గీజరు కాయిల్‌కి తెల్లటి ఉప్పు పడుతుంది. బకెట్లకి చారలు పడతాయి. నీళ్లలో ఉండే కాల్షియం వేడికి కరిగి ఉండలేదు. గట్టిపడి అంటుకుంటుంది. పంచదార వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతుంది. ఈ సున్నం సంగతి తిరగబడి ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ కరగడం తగ్గుతుంది. అందుకే బాయిలర్ గోడలకీ, వాల్వులకీ పడుతుంది. వాల్వు మూసుకోదు. రబ్బరు సమంగా ఆనదు. తాగే నీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదు. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మనిషి తాగితే ఏమీ కాదు. మెషీన్ మాత్రం 200 దగ్గరే ఇబ్బంది పడుతుంది.

అయితే ఆర్‌ఓ నీళ్లు పోసేద్దామా? ఇక్కడో మెలిక ఉంది. కొన్ని మెషీన్లలో ఆవిరి బాయిలర్ నిండిందో లేదో చెప్పడానికి ఒక లోహపు కడ్డీ ఉంటుంది. నీళ్లు కడ్డీని తాకితే వాటి గుండా సన్నటి కరెంటు పోతుంది. "నిండింది, ఆపు" అని పంపుకి తెలుస్తుంది. నీళ్లలో ఖనిజాలు మరీ తక్కువైతే కరెంటు పోదు. పంపు ఆగదు. బాయిలర్ గొంతు దాకా నిండి, పై వాల్వులోంచి నీళ్లు పొంగుతాయి. నీళ్లు మరీ శుభ్రంగా ఉండటం వల్ల వచ్చిన లీకు అది! పైగా అలాంటి నీరు లోపలి లోహాన్ని మెల్లగా తినేస్తుంది. కాబట్టి ఆర్‌ఓ మెషీన్‌కి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఖనిజాల మోతాదు, సర్దే మర ఉంటే 100 నుంచి 150 మధ్య పెట్టుకోండి. హైదరాబాదులో మంజీరా నీళ్లో, కృష్ణా నీళ్లో వచ్చే ఇళ్లవాళ్లు బోరు నీళ్లు కలవకుండా చూసుకుని, వడకట్టి వాడుకున్నా చాలావరకు సరిపోతుంది.

ఉప్పు ఇప్పటికే పట్టి ఉంటే, కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు పనికొస్తుంది. లీటరు నీటికి 20 గ్రాములు. మాన్యువల్ వేరే చెబితే మాన్యువల్ మాటే వినండి. బాయిలర్ అల్యూమినియందైతే ఎక్కువసేపు నానబెట్టకండి. తర్వాత కనీసం రెండు ట్యాంకుల మంచినీళ్లు పంపించి కడగండి. ఒక హెచ్చరిక. చాలా ఏళ్లు ఏమీ చేయని మెషీన్‌కి ఒక్కసారిగా ఇలా చేస్తే, ఒక్కోసారి కొత్త లీకు మొదలవుతుంది. అప్పటిదాకా సందుని ఆ ఉప్పే మూసి ఉంచింది మరి. ఊడిన పెళ్లలు వాల్వులోనూ ఇరుక్కుంటాయి. నిమ్మ ఉప్పుని తిట్టుకోకండి. రెండు మూడు నెలలకొకసారి చేస్తూ ఉంటే ఈ గొడవ రాదు.

ఇంకా ఒకటుంది. కాఫీ అయ్యాక హ్యాండిల్‌ని బిగించి అలా వదిలేయకండి. మెషీన్ ఆపాక తీసి పక్కన పెట్టండి. వేడిలో రోజంతా నలిగితే రబ్బరు త్వరగా గట్టిపడుతుంది.

చివరిగా, అమెరికా నుంచి పిల్లలు మెషీన్ పంపిన ఇళ్లవాళ్లకి. అది 120 వోల్టులది. మన ప్లగ్గులో నేరుగా పెట్టకండి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వోల్టులే మారతాయి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఆ పంపు ఇక్కడ కొంచెం నిదానంగా ఆడుతుంది. అది సరిపెట్టుకోవచ్చు గానీ, కొన్ని మోడళ్లకి గాస్కెట్ ఇక్కడ దొరకదు. మీ పచ్చళ్ల డబ్బాలు అటు వెళ్లిన సూట్‌కేసు తిరిగి వచ్చేటప్పుడు, ఆ మోడల్ పేరు చెప్పి రెండు గాస్కెట్లు అందులో వేసుకు రమ్మనండి. జేబులో పట్టేంత సామాను.